ఉల్కావీరుడూ, మరైతేగారూ

మరైతేగారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరికైనా ఏదైనా శక్తి ఉందని ఒక్కసారి ఆయన చెవిన పడిందా, ఇక అవసరమైన ప్రతిసారీ వాళ్ళు ఆ శక్తిని వాడి తీరాలి. వాడకపోతే ఎందుకు వాడలేదో చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు, ఎదుటివాళ్ళకు ఆయన సహించరు.

ఈ జబ్బు ఏ చెప్పుల కొట్లోనో కూర్చునే మనిషికి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఆయన పనిచేసేది టీవీ సీరియల్‌లో. అదీ ఎలాంటి సీరియల్? ఆకాశం నుంచి రాలిన ఉల్కలో పుట్టి, పదకొండు అతీత శక్తులతో, గ్రహాల మధ్య నౌకలో తిరుగుతూ లోకాలను కాపాడే ఉల్కావీరుడి సీరియల్. వారానికి మూడు ఎపిసోడ్లు. ఆ మూడూ రాసేది ఒక్క రచయిత్రి. ఆ వీరుడికి పదకొండు శక్తులూ ఇచ్చిందీ ఆవిడే, ఇచ్చానన్న సంగతి మరిచిపోయిందీ ఆవిడే.

ఆయన ఉద్యోగం కంటిన్యుటీ చూడటం. అంటే మొదటి షాట్‌లో కుడిచేతిలో ఉన్న గ్లాసు రెండో షాట్‌లో ఎడమచేతిలోకి దూకకుండా కాపలా కాయడం. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ డైరెక్టరీ అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. లక్ష నంబర్లలో ఒక్క అంకె తారుమారైతే జ్వరం తెచ్చుకునే మనిషి. అలాంటి మనిషిని తీసుకొచ్చి ఉల్కావీరుడి ముందు కూర్చోబెడితే గ్లాసుల దగ్గర ఆగుతారా?

మరైతేగారన్న పేరు పడింది పంతొమ్మిదో ఎపిసోడ్ దగ్గర. రచయిత్రి గది మేకప్ గదికి ఆనుకుని ఉండేది. జుట్టు ఆరబెట్టే మిషన్ల రొద మధ్య ఆవిడ ఇరవయ్యో ఎపిసోడ్‌తో కుస్తీ పడుతుంటే తలుపు దగ్గర దగ్గు వినిపించింది.

"అమ్మా, ఒక్క నిమిషం. పద్దెనిమిదిలో మనవాడు ఒంటిచేత్తో కొండ పెకలించాడు కదా?"

"పెకలించాడు, బాబాయిగారూ."

"పంతొమ్మిదిలో వాణ్ణి తాడుతో కట్టేశారు."

"కట్టేశారు."

"మరైతే, తెంపుకోడేం?"

"గట్టి తాడు."

"కొండకంటేనా?"

రచయిత్రి కలం మూత పెట్టింది. "అది మామూలు తాడు కాదండీ. మంత్రపు తాడు."

"నేను చూశానమ్మా. మన సామాన్ల గదిలోదే. బట్టలారేసుకునే తాడు. చివర క్లిప్పు కూడా ఊడదియ్యలేదు."

ఆ రోజు నుంచి ఎదురుగా అందరికీ బాబాయిగారు, వెనకాల అందరికీ మరైతేగారు.

రచయిత్రి బాధ రచయిత్రిది. ఉల్కావీరుడు గోడలోంచి దూరి వెళ్ళాలంటే గ్రాఫిక్స్ వాళ్ళకు నాలుగు రోజులు పడుతుంది. తలుపు తీసుకుని వెళ్ళడానికి తలుపు చాలు. అందుకని గోడలు పగలగొట్టుకుని వచ్చినవాడు మర్నాడు బుద్ధిగా గొళ్ళెం తీసుకుని వచ్చేవాడు. రెప్పపాటులో గ్రహం దాటినవాడు విలన్ కారు వెనక రొప్పుతూ పరిగెత్తేవాడు. మైలు దూరంలో చీమ నడక విన్నవాడికి వెనకాలే నిలబడి గొణుగుతున్న ద్రోహి మాట వినపడేది కాదు. అలా వినపడకపోవడం వల్లే కదా ఆ వారం గడిచింది!

"శక్తులన్నీ వాడితే విలన్ మొదటి ప్రకటనల లోపే చస్తాడండీ! మిగతా ఇరవై నిమిషాలు నేనేం చూపించను? వాడి దినవారాలా?" అని ఒకసారి ఆవిడ గట్టిగానే అరిచింది.

"చావనివ్వండమ్మా. మరైతే, ఇంకా బలమైన విలన్‌ని పుట్టిస్తే సరిపోయె."

"పుట్టించడం మీకేం తెలుసు? వారానికి మూడు కాన్పులు ఇక్కడ!"

ఆయన ఏ మాత్రం నొచ్చుకోలేదు. మర్నాడు ఒక పెద్ద చార్టు తెచ్చి, స్టూలెక్కి, ఆవిడ బల్లకు ఎదురుగా గోడకు అంటించారు. పదకొండు శక్తులు, ఒక్కొక్కదాని ఎదుట అది చివరిసారి వాడిన ఎపిసోడ్ నంబరు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'దూరశ్రవణం: చివరిగా 43. ప్రస్తుతం 71. చెవిలో గుబిలి చేరిందా?' 'కాలాన్ని ఆపుట: చివరిగా 12. గడియారం పోగొట్టుకున్నాడా?' రచయిత్రి ఆ చార్టు మీద క్యాలెండర్ తగిలించింది. సాయంత్రానికి క్యాలెండర్ పక్క గోడ మీద ఉంది, చార్టు చార్టు దగ్గరే ఉంది.

పోనీ ఆ జబ్బు ఆవిడ ఒక్కదాని మీదే అయితే ఏడ్చి ఊరుకునేది. క్యాంటీన్‌లో వంటాయన ఎప్పుడో కళ్ళు మూసుకుని ఉల్లిపాయలు తరగగలనని గొప్పలు పోయాడట. ఒకరోజు కళ్ళనీళ్ళు కారుస్తూ తరుగుతుంటే మరైతేగారు పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"మరైతే, కళ్ళెందుకు తెరిచావు నాయనా? మూసుకుంటే ఈ ఏడుపు ఉండేది కాదుగా?"

రోజుకు ఇరవై సీన్లు తీస్తానని చెప్పుకునే దర్శకుడు ఆయన కనబడితే కెమెరా వెనక్కి జారుకునేవాడు. ఉల్కావీరుడి వేషం కట్టే కుర్రాడి గతి మరీ అన్యాయం. పాపం, నోట్లో నాలుక లేని మనిషి.

"బాబూ, నువ్వు ఎగరగలవు కదా. మరైతే, బస్సు తప్పిపోయే సీనుకు ఎలా ఒప్పుకున్నావు?"

"సార్, నేను నటుణ్ణి సార్. బస్సు తప్పిపొమ్మంటే తప్పిపోతాను."

"శక్తి ఉన్నవాడు అలా అనకూడదు బాబూ," అని ఆయన బాధగా వెళ్ళిపోయారు. కుర్రాడు ఆ రోజంతా తన చేతులవైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళి చెప్పుకుంటే రచయిత్రికి అక్కడా ఊరట దొరకలేదు. అత్తగారు సీరియల్ ఒక్క రోజు కూడా తప్పకుండా చూసేది.

"అంత ముసలాయనతో పంతాలెందుకే? ఇంతకీ ఏమన్నాడు?"

"వీరుడికి చీకట్లో కనపడుతుంది కదా, గోతిలో ఎందుకు పడ్డాడు అంటాడు అత్తయ్యా!"

అత్తగారు వడ్డిస్తున్న గరిటె ఆపింది. "అవునే అమ్మాయ్, ఎందుకు పడ్డాడు?"

రచయిత్రి కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది.

అసలు పేచీ నూట ముప్ఫై ఏడో ఎపిసోడ్‌తో వచ్చింది. ఉల్కావీరుణ్ణి పెంచిన గురువమ్మ పాత్ర వేస్తున్న ఆవిడకు ఇంకో సీరియల్‌లో పెద్ద వేషం వచ్చింది. ఉన్నపళంగా గురువమ్మ చావాలి. రచయిత్రి ఆ చావును పట్టుదలగా రాసింది. వాన. శత్రువు బాణం. శిష్యుడి ఒళ్ళో గురువమ్మ తల. మూడు పేజీల మాటలు. అంతవరకు ఆ సీరియల్‌లో తాను రాసిన వాటన్నిట్లోకీ అదే బాగుందని ఆవిడకు లోపల గట్టి నమ్మకం.

వాన మిషన్ మొదలైంది. అరవై మంది నిశ్శబ్దంగా నిలబడ్డారు. గురువమ్మ రెండు పేజీల మాటలు చెప్పి కళ్ళు మూయబోతోంది. చుట్టూ ఇద్దరు ముగ్గురు నిజంగానే ముక్కులు చీదుతున్నారు. అప్పుడు వినిపించింది.

"మరైతే, ఆ కుక్క సంగతేంటి?"

దర్శకుడు కట్ అని అరిచాడు. గురువమ్మ చావు ఆపి లేచి కూర్చుంది.

"ఏ కుక్కండీ?" అంది రచయిత్రి. గొంతులో నిప్పులు.

"యాభై ఎనిమిదిలో కుంటికుక్క కాలు అరచేత్తో తడిమి బాగుచేశాడమ్మా. ఆ చెయ్యి ఇప్పుడు గురువమ్మ గాయానికి జానెడు దూరంలో ఉంది. కాస్త పక్కకు జరిపితే చాలు. కుక్క కాలికున్న విలువ పెంచిన తల్లి ప్రాణానికి లేదా అని చూసేవాళ్ళు అడగరా?"

అరవై మందీ ఉల్కావీరుడి చేతివైపు చూశారు. కుర్రాడు తప్పు చేసినవాడిలా చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ పాకింది. గురువమ్మ కూడా నవ్వింది. ఆ రోజు ఇక ఆవిడ చావలేదు. మర్నాడు మళ్ళీ తీస్తే చచ్చింది గాని, ఎవరూ ముక్కు చీదలేదు. పైగా నీళ్ళు మరీ చల్లగా ఉన్నాయని, శిష్యుడు చెయ్యి పట్టుకోబోతుంటే గజగజలాడుతూ వెనక్కి లాక్కుంది కూడా. ఇంకోసారి తియ్యడానికి దర్శకుడికి ఓపిక లేకపోయింది.

రచయిత్రి నేరుగా నిర్మాత దగ్గరకు వెళ్ళింది. "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

నిర్మాత మెత్తని మనిషి. ఎవర్నీ పొమ్మనలేడు. "బాబాయిగారిని మెట్ల కింద ఉత్తరాల గదికి మార్చేస్తానమ్మా. ప్రేక్షకుల ఉత్తరాలు సర్దుకుంటూ ఉంటారు. నీ కంట పడరు."

ఆ సంగతి చెప్పినప్పుడు మరైతేగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరేనమ్మా. చార్టు మాత్రం పీకకండి," అన్నారు. ఆవిడ ఆయన చూస్తుండగానే పీకేసింది.

తర్వాత నెల రోజులు రచయిత్రికి స్వర్గం. ఉల్కావీరుడు చిత్తం వచ్చినట్టు ఎగిరాడు, బుద్ధి పుట్టినప్పుడు నడిచాడు. ఒకే ఎపిసోడ్‌లో నిప్పుల్లోంచి నడిచొచ్చి, వేడి పాలు తాగి నాలుక కాల్చుకున్నాడు. అడిగినవాడు లేడు. కానీ అడగకపోయినా ఆవిడకు వినిపించేది. కాగితం మీద కలం పెట్టగానే చెవిలో జోరీగలా 'మరైతే' అనేది. పీకేసిన చార్టు చోట గోడ తెల్లగా మిగిలిపోయి, దాని ఆకారం అలాగే కనబడేది. ఆవిడ దాని మీద మళ్ళీ క్యాలెండర్ తగిలించింది. చాల్లేదు. చార్టు పెద్దది.

ఇంతలో సీరియల్‌కు ఏడాది నిండింది. చూసేవాళ్ళు తగ్గారని ఛానెల్‌లో గుసగుసలు. వంద మంది ప్రేక్షకులను స్టూడియోకు పిలిచి, రచయిత్రితో ముఖాముఖి పెట్టి, వాళ్ళు కథ బాగాలేదంటే రాసే మనిషిని మార్చాలని ఛానెల్ అధికారి తేల్చాడు. ఆ మాట నిర్మాతే వచ్చి ఆవిడ చెవిన వేశాడు. "ధైర్యంగా ఉండమ్మా," అన్నాడు గాని, ఆ ధైర్యం ఆయన మొహంలోనే లేదు.

ఆ రోజు ప్లైవుడ్ అంతరిక్ష నౌక ముందు వంద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఛానెల్ అధికారి మొదటి వరుసలో నోటు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. రచయిత్రి మైకు పట్టుకుని నిలబడింది. మొదటి ప్రశ్నకే పొడుగాటి మనిషి ఒకాయన లేచాడు. గడియారాలు బాగుచేస్తాడట.

"మేడమ్, యాభై ఎనిమిదిలో కుక్క కాలు బాగుచేశాడు. నూట ముప్ఫై ఏడులో గురువమ్మ గాయం ఎందుకు బాగుచెయ్యలేదు?"

ఛానెల్ అధికారి కలం లేచింది. ఆవిడ "అది..." అంటుండగానే నాలుగో వరుసలోంచి ఒకావిడ, బస్సు కండక్టరు, యూనిఫారంతోనే లేచి నిలబడింది.

"ఆ మాత్రం తెలీదా అన్నా? జంతువుకి నయం చేస్తే ఏం కాదు. మనిషికి నయం చేస్తే ఆ గాయం వచ్చి ఇతనికి అంటుకుంటుంది. అది గురువమ్మకి తెలుసు. అందుకే కదా, ఈయన చెయ్యి పెట్టబోతుంటే ఆవిడ చెయ్యి వెనక్కి లాగేసుకుంది! చూళ్ళేదా నువ్వు? నేను ఆ ముక్క దగ్గర ఎంత ఏడ్చానో!"

గడియారాలాయన "అబ్బా!" అని గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

రచయిత్రి కూడా దాదాపు అదే పని చేసింది. ఆవిడ అలాంటి ముక్క రాయలేదు. ఆవిడ రాసిందల్లా వాన.

ఇంకెవరో లేచారు. "మరి తొంభైలో జైలు గోడలోంచి ఎందుకు దూరలేదు?"

"జలుబు!" అని నలుగురు ఒక్కసారే అరిచారు. "ఎనభై తొమ్మిదిలో తుమ్మాడుగా! ముక్కు దిబ్బడేసినప్పుడు గోడలు దారివ్వవు."

తుమ్మిన మాట నిజమే. కుర్రాడికి ఆ వారం నిజంగానే రొంప.

"చీకట్లో కనపడుతుంది కదా, గోతిలో పడ్డాడేం?"

"పడలేదమ్మా, దిగాడు. కింద పిల్లి ఉంది. తర్వాతి సీనులో అరుపు వినపళ్ళా?"

ఆ పిల్లి స్టూడియో పిల్లి. తరిమేయడానికి లైటింగ్ వాళ్ళు అవస్థ పడ్డ పిల్లి. చివర్లో ఒక పెద్దావిడ మెల్లగా లేచి, అడగడానికి కాదు, చెప్పడానికి మైకు తీసుకుంది.

"నాకన్నిటికంటే నచ్చింది పంతొమ్మిదో ఎపిసోడ్ అండీ. కొండ పెకలించినవాడికి ఆ తాడు ఒక లెక్కా? కానీ అది ఎవరో ఇల్లాలు బట్టలారేసుకునే తాడు. తెంపితే ఆవిడ తడిబట్టలు ఎక్కడ ఆరేసుకుంటుందని ఊరుకున్నాడు చూశారూ, మగవాళ్ళు అంత ఆలోచిస్తారా అనిపించింది. ఆ మాట మీరు ఉత్తరంలో రాసినప్పుడు మా వీధిలో అందరికీ చదివి వినిపించాను."

"నేను... ఉత్తరంలో..." అంది రచయిత్రి.

"మీరేగా! ముత్యాల్లాంటి అక్షరాలు మీవి," అని పెద్దావిడ చేతిసంచిలోంచి కాగితం తీసి చూపించింది.

ఛానెల్ అధికారి నోటు పుస్తకం మూసి, నిర్మాతవైపు వంగి, "ఈ కథకి ఇంత లోతుందని మీరెప్పుడూ చెప్పలేదేం?" అన్నాడు. నిర్మాత, "ఏదో, మా వాళ్ళు మొహమాటస్తులండీ," అని నీళ్ళు నమిలాడు. ఇంకో ఏడాదికి అక్కడికక్కడే మాటయిపోయింది.

రచయిత్రి చప్పట్లు ఆగకముందే మెట్ల కింద గదికి వెళ్ళింది. తల వంచితేగాని పట్టని గది. మూడు వైపులా ఉత్తరాల గోతాలు. మధ్యలో మరైతేగారు, ఒక కార్డు రాస్తూ.

"ఎన్నాళ్ళుగా జరుగుతోందిది?"

ఆయన దొంగతనం బయటపడ్డవాడిలా కలం కింద పెట్టారు. "మొదట్నుంచీనమ్మా. భోజనాల వేళలో వచ్చి మీ పేరుతో జవాబులు రాసేవాణ్ణి. ఇప్పుడు పొద్దంతా రాయడానికి తీరిక దొరికింది."

"అంటే నన్ను అడిగినవన్నీ..."

"వీటిల్లోవే, ఆ కుక్క సంగతి తప్ప. అది ఉత్తరం రాకముందే అడిగేశాను. రెండో వారంలో మీరొక ఉత్తరం చదివారు, గుర్తుందా? కలం వదిలి గరిటె పట్టుకొమ్మని రాశాడు చూడండి, వాడు. దాంతో మీరు రెండు రోజులు ఒక్క వాక్యం రాయలేదు. అప్పుడే అనుకున్నాను, ఇవి ఈవిడ చేతికి వెళ్ళకూడదని. తిట్లు ఇక్కడ ఆపేసి ప్రశ్న ఒక్కటే పైకి తెచ్చేవాణ్ణి. మీరు జవాబు చెబితే అదే రాద్దామని. మీరు చెప్పేవారు కాదు." కాస్త నిష్ఠూరంగా చూశారు. "అరిచేవారు."

"బాబాయిగారూ! ఆ మాట ఒక్కసారి నాతో అనుంటే ఏం పోయేది?"

"అంటే తిట్ల సంగతి కూడా అడిగేవారు కదమ్మా."

రచయిత్రి ఒక గోతం మీద కూలబడింది. కోపం తెచ్చుకుందామని చూసింది. ఏడాదిగా పోగుచేసుకున్నదంతా ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి, "పిల్లి అద్భుతం," అంది.

"పిల్లి కోసం రెండు రోజులు పట్టింది," అని మరైతేగారు ఒప్పుకున్నారు. తర్వాత పక్కన విడిగా పెట్టిన కార్డు ఒకటి తీశారు. "దీనికి మాత్రం మూడు వారాలుగా నా దగ్గర జవాబు లేదు. ఎవరో ఇద్దరు పిల్లల తల్లి. 'ఉల్కావీరుడు ఏడాదిగా లోకాల్ని కాపాడుతున్నాడు, ఒక్కసారి కూడా అన్నం తినగా చూడలేదు, వాడికి ఆకలెయ్యదా?' అంటోంది."

రచయిత్రి కార్డు తీసుకుని రెండుసార్లు చదివింది. "ఇది మీరు రాసేది కాదు. నేను రాస్తాను."

అలా నూట డెబ్భై రెండో ఎపిసోడ్‌లో ఉల్కావీరుడు ఒక పేద ఇంటి అరుగు మీద కూర్చుని భోజనం చేశాడు. గ్రాఫిక్స్ లేవు. పళ్ళెం, అన్నం, ఒక కుర్రాడు. మరైతేగారు మళ్ళీ కెమెరా పక్కన తన కుర్చీలో ఉన్నారు. షాట్ తర్వాత షాట్ తీస్తుంటే రచయిత్రి తెర మీద చూస్తూ ఉలిక్కిపడింది. దగ్గరి షాట్‌లో సగం ఖాళీ అయిన పళ్ళెం, దూరపు షాట్‌లో శిఖరంలా ఉంది. ఆ తర్వాతి దాంట్లో మళ్ళీ అడుగు కనబడుతోంది.

"బాబాయిగారూ, చూశారా? పళ్ళెం!"

"చూశానమ్మా."

"చూసి ఊరుకున్నారా!"

ఆయన గొంతు తగ్గించారు. "పొద్దున్నుంచి వేషంలో ఉన్నాడు. తిండి లేదు. ఆపితే పళ్ళెం తీసేస్తారు. తిననివ్వండి. ఉత్తరాలొస్తే నేను చూసుకుంటాను."

కుర్రాడు ఆ మాట విన్నట్టే మూడోసారి వడ్డించమని పళ్ళెం చాపాడు.

ఉత్తరాలు రానే వచ్చాయి, నలభై ఒకటి. ఖాళీ పళ్ళెం ఎలా నిండిందని అందరిదీ ఒకటే గోల. మరైతేగారు నలభై ఒక్క కార్డుల మీదా ఒకే వాక్యం రాసి, పంపేముందు రచయిత్రికి చూపించారు. 'అమ్మా, అయ్యా, పళ్ళెం నిండుకుంది.'

"ఇదేం జవాబండీ?"

"మీ ఇంట్లో బియ్యం అయిపోతే మీ అత్తగారు ఏమంటారు?"

"నిండుకున్నాయంటుంది."

"అదేనమ్మా. ఖాళీ అయిందనుకున్నవాళ్ళకి ఖాళీ, నిండిందనుకున్నవాళ్ళకి నిండుగా. ఇంత శక్తి మన మాటలోనే ఉంటే, వాడకుండా ఎలా వదిలేస్తాను?"

రచయిత్రి నవ్వు ఆపుకోలేక కార్డుల కట్ట బల్ల మీద పడేసింది. ఆయన వాటిని ఏరి, అంచులు సరిగ్గా కలిపి, పోస్టు డబ్బాలో వేయడానికి బయలుదేరారు.